టైపింగు ఛార్జీలు

నేను చెప్పిన అబద్ధాల్లో అతి చిన్నది రెండు మాటలది. గుడివాడలో, ఒక బట్టల కొట్టు మీద మేడలో, మా బావగారి ఆఫీసులో చెప్పాను. ఆయన మా పెదనాన్న కూతురి భర్త, వృత్తికి ఆడిటరు. నా పన్నుల కాగితాలన్నీ ఆయనే చూస్తారు. ఆ రోజు నా బ్యాంకు స్టేట్‌మెంటు మీద పెన్సిలు నడిపిస్తూ ఒకచోట ఆగారు.

"నెలనెలా అవనిగడ్డకి వెళ్తున్న ఈ డబ్బేమిటోయ్?"

"టైపింగు ఛార్జీలు," అన్నాను.

ఆయన రాసుకున్నారు. ఆయన రాసుకున్నది కంప్యూటర్లోకి ఎక్కింది. కంప్యూటర్లోకి ఎక్కింది మరుసటి ఏడు దానంతట అదే మళ్ళీ కనిపించింది. అలా ఎనిమిదేళ్ళు. రెండోసారి అబద్ధం చెప్పాల్సిన శ్రమ కూడా నాకు కలగలేదు. ఆ సౌకర్యమే నన్ను చెడగొట్టింది.

అవనిగడ్డలో ఉన్నావిడకి టైపు రాదు.

మాది బందరు. మా ఇంట్లో మూడు తరాలుగా జీతాలు తీసుకున్నవాళ్ళే గాని బిల్లు ఇచ్చినవాళ్ళు లేరు. తాతయ్య గుమాస్తా, నాన్న లెక్కల మాస్టారు, నేను ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. కాలేజీలో పిల్లలు తగ్గి, వాళ్ళతోపాటు నా అవసరం కూడా తగ్గాక, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు మొదలుపెట్టాను. సాహిత్యం అనుకునేరు. మందు డబ్బాల్లో మడతలు పెట్టి కుక్కే కాగితాలు, బీమా షరతులు, ఆస్పత్రుల్లో రోగుల చేత సంతకం పెట్టించుకునే అంగీకార పత్రాలు, ఒకసారి రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే యంత్రం వాడకం పుస్తకం. చదివినవాళ్ళు ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. యంత్రం తిరిగింది, అంతే.

మొదటి పని పూర్తయ్యాక హైదరాబాదు ఏజెన్సీవాళ్ళు ఇన్‌వాయిస్ పంపమన్నారు. మా వంశంలో సెలవు చీటీ తప్ప మరో దరఖాస్తు ఎవరూ రాసి ఎరగరు. "అయ్యా, తాము దయతో అప్పగించిన పని" అని మొదలుపెట్టి "ఇట్లు తమ విధేయుడు" అని ముగించాను. ఎంత ఇవ్వాలో రాయడం మరిచిపోయాను. మరిచిపోయానో, మొహమాటపడ్డానో. వాళ్ళు మర్యాదస్తులు, నవ్వకుండా ఒక నమూనా పంపారు. క్రమసంఖ్య, తేదీ, ఏ పనికి, ఎన్ని మాటలకి, మాటకి ఎంత, పాన్ నంబరు, బ్యాంకు ఖాతా. నాన్న ఆ నమూనా చూసి, "మాటకింత అని తీసుకుంటారుట్రా?" అని అడిగి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. బళ్ళో ముప్ఫై ఏళ్ళ పాటు ఎన్ని మాటలు ఊరికే పోగొట్టుకున్నారో లెక్క వేస్తున్నారనుకున్నాను.

ఆవిడ నాకు బస్సులో పరిచయమయ్యారు. చల్లపల్లిలో ఏదో పని మీద అవనిగడ్డ బస్సెక్కి, షుగరు మందు కాగితం ఒకటి మోకాళ్ళ మీద పెట్టుకుని పెన్సిలుతో దిద్దుకుంటున్నాను. వెనక సీట్లోంచి ఒక గొంతు, చాలా మర్యాదగా వినిపించింది.

"ఏమనుకోకండి. అది మా అమ్మకి చదివి వినిపిస్తే మందు మానేస్తుందండీ."

నేను వెనక్కి తిరిగాను. నలభైకి కాస్త ఇవతల ఉన్న మనిషి, ఒళ్ళో దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట. అవనిగడ్డలో ఒక ప్రైవేటు బళ్ళో తెలుగు టీచరట. నేను రాసిన వాక్యం "భోజనానంతరము ఔషధ సేవనమును విస్మరించరాదు" అన్న ధోరణిలో ఉంది. ఆవిడ దాన్ని పైకి చదివారు. ఏమీ విమర్శించలేదు, చదివారు, అంతే. రోగికి మొదట ఏ జబ్బు ఉన్నా ఆ వాక్యం విన్నాక రెండోది వచ్చేలా ఉంది. "అన్నం తిన్నాక మాత్ర వేసుకోవడం మరిచిపోకండి అంటే తప్పా అండీ?" అని అడిగారు. తప్పు కాదు. నాకు తట్టలేదు, అంతే. చల్లపల్లిలో దిగాల్సినవాణ్ణి, కాగితం ఇంకా సగం ఉందన్న సాకుతో పులిగడ్డ దాటేశాను.

అప్పటినుంచి పద్ధతి ఒకటి ఏర్పడింది. నేను తర్జుమా చేసింది ముందురోజు ఆవిడ ఫోనుకి పంపేవాణ్ణి. మర్నాడు పొద్దున్న ఆరింటికి, బడికి తయారవక ముందు, ఆవిడ ఫోను చేసి తెలుగు మొత్తం పైకి చదివేవారు. ఇవతల బందర్లో నేను ఇంగ్లీషు కాగితం ముందు పెట్టుకుని వినేవాణ్ణి. వాళ్ళ నాన్నగారు దివిలో ఒక చిన్న ఊళ్ళో పాస్టరుగా చేశారు. చిన్నప్పటినుంచి ఆదివారం ఆరాధనలో వాక్యం చదివిన గొంతు ఆవిడది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ తీసుకోకూడదో తెలుసు. బీమా షరతులు కూడా ఆవిడ చదువుతుంటే ఎవరికో నిజంగా మేలు చేయబోతున్నట్టు వినిపించేవి.

తప్పుందని ఆవిడ ఎప్పుడూ అనేవారు కాదు. ఆగేవారు. ఆగిన చోట తప్పుండేది. ఆ నిశ్శబ్దంలో అవతలి కాకులు, కుక్కరు కూత, ఎదురింటి గేటు చప్పుడు వినిపించేవి. అప్పుడప్పుడు మంచం మీంచి వాళ్ళమ్మగారు, "మళ్ళీ చదువమ్మా, నాకెక్కలేదు," అనేవారు. అమ్మగారికి ఎక్కేదాకా మార్చేవాళ్ళం. పెద్ద పెద్ద కంపెనీల కాగితాలు ఎన్నో ఆ మంచం దగ్గర పాసయ్యాకే బయటికి వెళ్ళాయి. కంపెనీలకి ఆ సంగతి తెలియదు.

ఆ గొంతు కోసం నేను వాక్యాలు కాస్త పొడుగ్గా రాయడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి, తెలిసి తెలిసి ఒకటో రెండో తప్పులు వదిలేసేవాణ్ణి. ఆవిడ ఆగాలని. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఆవిడకి తమ్ముళ్ళ చదువులు, తర్వాత అమ్మగారి ఆరోగ్యం. నాకు చెప్పుకోదగ్గ కారణం కూడా లేదు. ఎనిమిదేళ్ళలో పని మాట తప్ప ఒక్క మాట మాట్లాడుకోలేదు. పని మాటలు మాత్రం పనికి కావలసినదానికంటే ఎక్కువే మాట్లాడుకున్నాం.

వచ్చినదాంట్లో సగం నెలనెలా పంపేవాణ్ణి. మొదట్లో వద్దన్నారు. అమ్మగారి ఫీజు అనుకోమంటే ఒప్పుకున్నారు.

మరి బావగారికి ఆ మాట ఎందుకు చెప్పలేదంటారా. అవనిగడ్డలో ఒకావిడ రోజూ పొద్దున్నే నాకు ఫోనులో చదివి వినిపిస్తారు, అందుకు సగం డబ్బు ఇస్తాను అని చెబితే, ఆ కబురు సాయంత్రానికి మా అక్కకి, రాత్రికి బందరుకి, మర్నాటికి పెద్దవాళ్ళ చర్చకి చేరేది. ఏ కులం, ఏ చర్చి, ఏ వయసు అన్నీ తేలేవి. టైపింగు ఛార్జీలకి కులం ఉండదు. అందుకని.

పోయిన ఏడాది మొదట్లో ఏజెన్సీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక మీదట జీఎస్టీ నంబరు ఉన్నవాళ్ళకే పని. అనువాదం చేసేవారు, సరిచూసేవారు ఒకే సంస్థగా నమోదైతే ఇద్దరికీ కలిపి పని ఇస్తారు. లేకపోతే సరిచూసేవాళ్ళని విడిగా పెట్టుకుంటారు. అలా పెట్టుకున్నవాళ్ళు అనువాదకుడితో మాట్లాడకూడదు, ఆ మేరకు సంతకం పెట్టాలి. నాణ్యత కోసమట.

గుడివాడ వెళ్ళాను. బావగారు ఉత్తరం చదివి, నా ఆదాయం జీఎస్టీకి చట్టం గీసిన గీతకి చాలా కిందే ఉందనీ, అయినా గిరాకీదారుడు అడిగాక చట్టం ఏమంటే ఏమిటనీ అన్నారు.

"ఒక్కడివే కాబట్టి ప్రొప్రయిటర్‌షిప్ చాలు. ఇద్దరైతే పార్ట్‌నర్‌షిప్ డీడూ, దానికి వేరే పానూ, ఆ గొడవంతా."

"ఇద్దరం," అన్నాను.

"రెండోవారెవరు?"

"అవనిగడ్డ."

ఆయన కళ్ళజోడు తీశారు. "టైపిస్టుకి సగం వాటా రాసిచ్చేవాణ్ణి నిన్నే చూస్తున్నాను బావమరిదీ. ఆ తలుపు దగ్గరికెయ్యి, మా టైపిస్టు వినగలదు."

అప్పుడైనా చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను. ఆయన హాస్యమాడినా పని దగ్గర ఖచ్చితమైన మనిషి. డీడు తయారుచేసి, దాంతో ఎనిమిదేళ్ళ లెక్కలు కూడా ముద్రించి ఒక ఫైల్లో పెట్టారు. లెక్కలు చూపించకుండా ఎవరిచేతా భాగస్తులుగా సంతకం పెట్టించకూడదన్నారు. డీడు ఇంగ్లీషులో ఉంది. ఆవిడ కోసం నేను దాన్ని తెలుగు చేశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన అనువాదం ఇంకొకటి లేదు.

ఆవిడ సంతకం పెడితే పొద్దుటి ఆరు గంటలు చట్టబద్ధంగా మావి అవుతాయి. పెట్టకపోతే ఫోను మోగదు. విషయం అంతే. నేను అడగదలచుకున్నది పదిహేను క్లాజులుగా ఉంది. పదహారోది కూడా ఒకటి ఉంది గాని, దాన్ని స్టాంపు కాగితం మీద రాసే ఆచారం లేదు.

ఆదివారం, ఆరాధన అయ్యాక వెళ్ళాను. వరండాలో కుర్చీ వేశారు. అమ్మగారి మంచం గుమ్మం పక్కకి జరిపి ఉంది. ఫైలు ఇచ్చాను. ఆవిడ చదవకుండా పక్కన పెట్టిన కాగితం నేను చూడలేదు, మనసులో చదువుకున్నది కూడా చూడలేదు. అమ్మగారు వినాలి కదా. డీడు పైకి చదవడం మొదలుపెట్టారు. మొదటి పక్షమువారు, రెండవ పక్షమువారు. ఉభయుల సమ్మతితో. లాభనష్టములు చెరిసగము. ఒకరికి తెలియకుండా మరొకరు ఏ ఒప్పందమూ చేసుకొనరాదు. ఎనిమిదేళ్ళుగా ఫోనులో విన్న గొంతు ఎదురుగా, రెండు గజాల దూరంలో. పదిహేను క్లాజులూ చదివారు. ఎక్కడా ఆగలేదు.

ఆ పది నిమిషాలంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. అప్పుడే లేచి వచ్చేసి ఉండాల్సింది.

తర్వాత లెక్కలు తీశారు. మొదటి ఏడాది రాబడి, కరెంటు, ఇంటర్నెట్టు, ప్రయాణాలు. ఆపైన "టైపింగు ఛార్జీలు" అని చదివి, పక్కన అంకె చదివి, ఆగారు.

నేను ఆ అంకె గుర్తుపట్టనివాణ్ణి కాను. ఆవిడా కాదు. పేజీ తిప్పారు. రెండో ఏడాది. టైపింగు ఛార్జీలు. మూడో ఏడాది. ప్రతి ఏడూ పైకే చదివారు, ఒకే గొంతుతో. ఎనిమిదోది అయ్యాక మంచం మీంచి అమ్మగారు అడిగారు.

"నీకు టైపెప్పుడొచ్చిందే?"

"రాలేదమ్మా," అన్నారు ఆవిడ.

నేను ఏదో ఒకటి అనాలి. అన్నాను. "మా బావగారు అడిగితే, ఆ క్షణంలో నోటికి ఏదొస్తే అది చెప్పేశానండీ."

"ఆ క్షణం సరేనండీ మాస్టారూ. ఆ క్షణంలో ఎవరైనా అలాగే చెబుతారు. ప్రతి ఏడూ వెళ్ళి సంతకం పెట్టొచ్చారు కదా."

ఆవిడ పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ మొదటి ఏడాది దగ్గరికి వచ్చారు.

"నేను చేసేదానికి పేరు దొరకలేదా అండీ? మీరు అనువాదకులు కదా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను క్షమాపణ చెప్పి బయటపడేవాణ్ణి. మా ఇళ్ళల్లో కోపానికి జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఆవిడ నిజంగానే, క్లాసులో పిల్లాణ్ణి అడిగినట్టు, తెలుసుకుందామని అడిగారు. పేరు దొరకక కాదు. దొరికిన పేరు గుడివాడలో చెప్పడానికి ధైర్యం చాలక. ఆ మాటైనా అనవచ్చు. ఇది రాస్తున్నప్పుడు ఎంత తేలిగ్గా వస్తోందో చూడండి.

డీడు జాగ్రత్తగా మడతల ప్రకారం మడిచి ఫైల్లో పెట్టి నాకిచ్చారు. "నా పేరు మీద విడిగా నమోదు చేయించుకుంటాను. దానికి ఏమేం కావాలో మీకు తెలుసు కదా, చెప్పండి."

ఆ విధంగా ఆవిడని నా నుంచి విడదీసే దరఖాస్తు నేనే నింపాను, నా ఫోనులోనే. పాన్, ఆధార్, ఫోటో. ఓటీపీ ఆవిడ ఫోనుకి వస్తే ఒక్కో అంకె చదివి చెప్పారు, నేను నొక్కాను. వ్యాపార స్థలం అన్నచోట కరెంటు బిల్లు అడిగింది. అది అమ్మగారి పేరు మీద ఉంది. అయితే అమ్మగారి అంగీకార పత్రం కావాలి. తెల్లకాగితం మీద రాశాను: మా అమ్మాయి ఈ ఇంట్లో వ్యాపారం చేసుకొనుటకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆవిడ పైకి చదివి వినిపించారు. అమ్మగారు, "ఇది బాగుంది, ఎక్కింది," అని సంతకం పెట్టారు. నా తెలుగుకి ఆ మంచం దగ్గర వచ్చిన చివరి మార్కులవి.

ఏ పని చేస్తారో ఎంచుకోమని ఒక పెద్ద జాబితా వచ్చింది. అందులో లేని పని లేదు. చదివి వినిపించడం మాత్రం లేదు. "అనువాద సేవలు" అన్నది నొక్కాను. భోజనం చేసి వెళ్ళమన్నారు. చేశాను. గోంగూర పప్పు బాగుందని చెప్పాను. బస్సు పులిగడ్డ వంతెన ఎక్కేదాకా బాగానే ఉన్నాను.

బందర్లో నేనూ ఒక్కడి పేరు మీద నమోదు చేయించుకున్నాను. ఇంటి ముందు పేరూ నంబరూ రాసిన బోర్డు పెట్టాలన్నారు, పెట్టాను. మంగినపూడి వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మేకుల చుట్టూ అప్పుడే తుప్పు దిగుతోంది. వీధిలో ఒకరిద్దరు వచ్చి పాస్‌పోర్టులు చేస్తారా అని అడిగారు.

ఏజెన్సీ మా ఇద్దరికీ పని ఇస్తోంది. నా అనువాదం ఎవరి దగ్గరికి వెళ్తుందో నాకు చెప్పరు. తిరిగి వచ్చిన కాగితంలో ఎర్ర గీతలు ఉంటాయి, పక్కన పేరు ఉండదు. కొన్ని కాగితాల్లో పొడుగు వాక్యం రెండుగా విరిగి వస్తుంది, సరిగ్గా ఊపిరి తీసుకునే చోట. అప్పుడు నాకు తెలుస్తుంది. ఆ గీత పక్కన "అంగీకరించాను" అన్న బటన్ నొక్కుతాను. ఇంకేమైనా రాయడానికి అక్కడ చోటు ఉంది, అనుమతి లేదు. పొద్దున్న ఆరింటికి మెలకువ మాత్రం వస్తుంది. ఫోను దగ్గర పెట్టుకుని కాఫీ తాగుతాను. కావాలని తప్పులు వదలడం మానేశాను. ఆగిన చప్పుడు వినపడనప్పుడు ఎందుకు.

జీఎస్టీలో ఒక నియమం నాకు బాగా నచ్చింది. ఆ నెల వ్యాపారం ఏమీ జరగకపోయినా, ఏమీ జరగలేదని గడువులోగా చెప్పాలి. చెప్పకపోతే రోజుకింత జరిమానా. చెప్పాల్సినవాళ్ళకి చెప్పకుండా ఎనిమిదేళ్ళు గడిపినవాడికి ఇది కాస్త ఆలస్యంగా తెలిసింది.

విడిపోయేనాటికి రెండు నెలల పని తాలూకు డబ్బు ఆవిడకి నేను ఇవ్వాలి. ఎప్పటిలా పంపబోతుంటే, వద్దు, బిల్లు పంపుతానని సందేశం పెట్టారు. బిల్లు వచ్చింది. ఒకటో నంబరు. నేను మొదటిసారి చేసిన పొరపాట్లు ఒక్కటీ లేవు. తేదీ, పాన్, ఖాతా, నంబరు అన్నీ ఉన్నాయి. పని వివరం అన్నచోట చేత్తో రాశారు: "చదివి వినిపించుట, రెండు నెలలు."

అదే రోజు డబ్బు పంపి, బిల్లు తీసుకుని గుడివాడ వెళ్ళాను. వాట్సాప్‌లో పంపితే సరిపోయేది.

బావగారు చూశారు. "మన అవనిగడ్డ టైపింగేగా? పాత పద్దులోనే వేసేస్తున్నాను."

"కాదు బావగారూ. అందులో ఏం రాసుందో ఆ పేరు మీద వెయ్యండి."

"అలాంటి పద్దు లేదోయ్."

"తెరవండి."

ఆయన నా మొహం కేసి చూసి, కీబోర్డు దగ్గరికి లాక్కుని, రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టారు. కొట్టాక నెమ్మదిగా అడిగారు. "ఎప్పుడూ టైపిస్టు కాదన్నమాట ఆవిడ."

"కాదండీ. రోజూ పొద్దున్నే నేను రాసింది చదివి వినిపించేవారు. నేను వినేవాణ్ణి."

అంతే చెప్పాను. ఎనిమిదేళ్ళు భయపడ్డ మాట, పట్టుమని పది మాటలు లేవు. బావగారు హాస్యమాడలేదు. తలుపు దగ్గరికి వెయ్యమనలేదు. "మీ అక్కకి చెప్పను లే," అన్నారు. చెప్పినా ఫరవాలేదన్నాను.

ఈ మార్చిలో లెక్కలు కడుతూ ఫోను చేశారు. ఆ ఒక్క బిల్లూ కిందటేడు లెక్కలోకి పోయింది, ఈ ఏడాది పొడుగునా ఆ పద్దులో ఒక్క పైసా లేదు, ఊరికే సున్నా చూపిస్తోంది, తీసేయనా అని అడిగారు.

ఉండనివ్వమన్నాను.